వాన రోజైన నేను

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షకు చదువుతున్న మా అన్నయ్య కూతురు నిన్న ఒక ఇంగ్లీషు వాక్యం పట్టుకొని వచ్చింది. ‘బీయింగ్ ఎ రెయినీ డే, ఐ స్టేడ్ ఎట్ హోమ్.’ తప్పు ఎక్కడుందో పట్టాలి. “వాన రోజు కాబట్టి ఇంట్లోనే ఉన్నాను అనే కదా బాబాయ్, ఇందులో తప్పేముంది?” అంది. వెనక పేజీలో జవాబు మాత్రం ఉంది, మొదట ‘ఇట్’ చేర్చాలని. ఎందుకో రాయలేదు.

ఆ వాక్యంలో వాన రోజు ఎవరు? నేనే! ‘బీయింగ్’కు సొంత కర్త లేదు, అందుకని కామా దాటగానే ఎదురైన ‘ఐ’ని పట్టుకుంటుంది. ‘ఇట్’ వచ్చిందా, దాని కర్త దానికి దొరుకుతుంది, నేను బతికిపోతాను.

మన క్త్వార్థకం, అంటే ‘తిని’, ‘వెళ్ళి’ లాంటి క్రియారూపం, తీరూ దాదాపు ఇదే. ‘సమానకర్తృకయోః పూర్వకాలే’ (అష్టాధ్యాయి 3.4.21) అని పాణిని సంస్కృతానికి చెప్పాడు, రెండు పనులకూ కర్త ఒకరే కావాలని. ‘అన్నం తిని బడికి వెళ్ళాడు’ సరే. ‘అన్నం తిని బస్సు వెళ్ళిపోయింది’ అంటే పసిపిల్లలు కూడా నవ్వుతారు. “మరి ‘వాన పడి పంట పాడైంది’ అంటాం కదా?” అని అమ్మాయి అడగనే అడిగింది. అక్కడ ‘పడి’కి కర్త వాన పక్కనే ఉంది, పంట దగ్గర అరువు తెచ్చుకోనక్కర లేదు. ఇంగ్లీషులో ‘ఇట్’ చేసేదీ ఆ పనే.

మేనేజ్‌మెంట్ చదువుల ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో వాక్యాలు దిద్దే ప్రశ్నలను 2023 నవంబరులో వచ్చిన కొత్త రూపంలో తీసేశారు. మన ఉద్యోగ పరీక్షల పుస్తకాల్లో మాత్రం ఈ వాన ఇంకా వెలవలేదు.

‘ఓన్లీ’తో తంటా వేరు. మన ‘మాత్రమే’ మాట వెనక తోకలా అతుక్కుంటుంది, ‘ఓన్లీ’ మామూలుగా మాట ముందు నిలబడుతుంది. ‘నాకు మాత్రమే పది రూపాయలు ఇచ్చాడు’, ‘నాకు పది రూపాయలు మాత్రమే ఇచ్చాడు’. మొదటిది గర్వం, రెండోది ఫిర్యాదు. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ఏ మాటను అంటిపెట్టుకొని ఉందో చూసి, దాని ముందుకు జరపాలి.

తెలుగులో ఈ చిక్కు బొత్తిగా లేదనుకోకండి. మా వీధి చివర దుకాణానికి ‘స్వచ్ఛమైన ఆవు నెయ్యి’ అని బోర్డు ఉంది. స్వచ్ఛమైనది ఆవా, నెయ్యా? ‘ఆవు నెయ్యి, స్వచ్ఛమైనది’ అని దిద్దించవచ్చు గానీ, ఆ మాట నేను అనలేను. అక్కడ నాకు అప్పు ఖాతా ఉంది.