చూపు తగ్గినవారికి ఆసరా ఎక్కడ దొరుకుతుంది? తెలిసినవారు చెప్పండి

బందరురోడ్డు (ఉయ్యూరు)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు, నీటికాసులు) వల్ల ఆయన రెండు కళ్లూ బాగా దెబ్బతిన్నాయి. పోయిన చూపు తిరిగి రాదనీ, మిగిలినదాన్ని కాపాడుకోవడానికి చుక్కల మందు జీవితాంతం వేసుకోవాలనీ డాక్టరుగారు చెప్పారు. అంతవరకు అర్థమైంది. ఆ తరువాత మనిషి రోజులు ఎలా గడపాలన్నది మాత్రం అక్కడ ఎవరూ చెప్పలేదు, మాకు అడగాలనీ తోచలేదు. గోడ మీది చార్టులో చిన్న అక్షరాలను కూడా ఆయన చదువుతారు. అయినా గుమ్మం భుజానికి తగులుతుంది, పక్కన నిలబడ్డ మనిషి కనబడరు. దాంతో చుట్టాలు "మాస్టారికి బాగానే కనిపిస్తోంది, వయసు మీదపడి తడబడుతున్నారు" అని తేల్చేశారు. ఇలాంటివారికి శిక్షణ ఇచ్చేవారు, ప్రభుత్వ సహాయం, ఫోనులో ఉపయోగపడే సదుపాయాల గురించి అనుభవం ఉన్నవారు రాస్తే మేలు చేసినవారవుతారు.

కంటిఅద్దాలు (విజయవాడ)

నేను ఆప్టోమెట్రిస్టును (చూపు పరీక్షించి అద్దాలు రాసే నిపుణుడిని), లో విజన్ విభాగంలో పనిచేశాను. మీ నాన్నగారి విషయంలో వింత ఏమీ లేదండీ. గ్లకోమా ముందుగా అంచుల చూపును తినేస్తుంది, నడిమి చూపు చివరిదాకా నిలుస్తుంది. చార్టు కొలిచేది ఆ నడిమి చూపునే. ఆయన ప్రపంచాన్ని గొట్టంలోంచి చూస్తున్నట్టు అనుకోండి, గుమ్మం ఎందుకు తగులుతుందో తెలుస్తుంది.

"ఇక చేసేదేమీ లేదు" అని డాక్టరు అన్నప్పుడు ఆ మాట కంటికి సంబంధించినది మాత్రమే. మిగిలిన చూపుతో మనిషి ఎలా చదవాలి, ఎలా నడవాలి, వంటింట్లో ఎలా మెలగాలి అన్నది వేరే విభాగం పని. దాన్ని లో విజన్ లేదా విజన్ రిహాబిలిటేషన్ అంటారు. చాలా చోట్ల అడిగితే తప్ప అక్కడికి పంపరు. మీకు దూరమేమీ కాదు, మీ బందరు రోడ్డులోనే తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. హైదరాబాదులో 1987లో మొదలైన ఆ సంస్థకు విశాఖపట్నంలోనూ పెద్ద ఆసుపత్రి ఉంది. రిజిస్ట్రేషన్ దగ్గరే "చూపు పరీక్షకు కాదు, రిహాబిలిటేషన్ విభాగానికి వచ్చాం" అని స్పష్టంగా చెప్పండి.

ఒక్క జాగ్రత్త చెబుతాను. ఇంట్లోవాళ్లు ముందుగా కొనేది భూతద్దం. మధుమేహం వల్లనో, వయసుతో మాక్యులాకు (కంటి లోపలి పొర నడిమి భాగానికి) వచ్చే జబ్బు వల్లనో నడిమి చూపు పోయినవారికి అది బాగా పనికొస్తుంది. అంచుల చూపు పోయినవారికి అంతగా పనికిరాదు, ఎందుకంటే అక్షరం పెద్దదయ్యే కొద్దీ ఆ కాస్త గొట్టంలో పట్టే అక్షరాలు తగ్గిపోతాయి. మీ నాన్నగారికి వెలుతురు, రంగుల తేడా, తల తిప్పి వరసగా వెతికే అలవాటు ముఖ్యం. దీపం ఎదురుగా కాక పక్కనుంచి, కాగితం మీద పడేలా పెట్టండి. నల్ల అట్టలో ఒక వరస పట్టేంత సందు కోసి పేజీ మీద పెడితే, కింది వరసలోకి జారిపోకుండా చదవగలుగుతారు. మెట్ల అంచులకు పసుపు టేపు అంటించండి. తెల్ల పళ్లెంలో తెల్లన్నం, స్టీలు గ్లాసులో మజ్జిగ కనబడవు. ముదురు రంగు పళ్లెం, ముదురు రంగు గ్లాసు ఇస్తే భోజనం దగ్గర చెయ్యి తడుముకోవడం చాలావరకు తగ్గుతుంది.

ఎలగందుల (కరీంనగర్)

నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా ఉంది, అంటే కంటి లోపలి పొర రెటీనా క్రమంగా క్షీణించే జన్యు జబ్బు. మా ఇంట్లో రెండు తరాల మేనరికాలు. చిన్నప్పుడు రేచీకటి అనుకున్నాం, ఆ తరువాత చుట్టూ మూసుకుంటూ వచ్చింది. అందుచేత వైకల్య సర్టిఫికెట్ గురించి నేను చెప్పగలను.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చూపు పూర్తిగా లేకపోవడాన్నే కాక మరో రెండింటినీ అంధత్వంగా నిర్వచించింది. అద్దాలు పెట్టుకున్నాక కూడా మెరుగైన కంటి చూపు 3/60 కంటే తక్కువ ఉండడం (మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చూడగలిగేది 3 మీటర్ల నుంచి కూడా కనబడకపోవడం) ఒకటి, చూపు విస్తృతి 10 డిగ్రీల కంటే తక్కువ ఉండడం రెండోది. విస్తృతి 40 డిగ్రీల లోపు ఉంటే లో విజన్ కిందికి వస్తుంది. అంటే చార్టు మొత్తం చదివిన మనిషి కూడా చట్టం ప్రకారం అంధుడు కావచ్చు. ఈ రెండో నిర్వచనం కాగితం మీద ఉన్నా, సర్టిఫికెట్ ఇచ్చే శిబిరంలో వందల మంది వరసలో నిలబడి ఉన్నప్పుడు చార్టు చదివించి పంపేయడమే జరుగుతుంది. నాకు మొదటిసారి అలాగే దరఖాస్తు తిరస్కరించారు. చూపు విస్తృతిని కొలిచే విజువల్ ఫీల్డ్ పరీక్ష రిపోర్టును ఇటీవలిదే చేయించి, పైన పెట్టి, "దయచేసి ఫీల్డ్ కూడా చూడండి" అని నోరు తెరిచి అడిగిన తరువాతే పని జరిగింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాట్ తీసుకోవాలి. దేశమంతటా చెల్లే యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు కూడా చేయించుకోండి, పొరుగు రాష్ట్రంలో ఆసుపత్రికీ చదువుకూ అదే అడుగుతున్నారు. ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగున్నవారికి 30 శాతమే ఇస్తారు కాబట్టి, వారికి దళారులు ఎన్ని ఆశలు పెట్టినా నమ్మి డబ్బు ఇవ్వవద్దు.

పింఛను సంగతి: ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛనును 2024 జూలై నుంచి నెలకు రూ.6,000 చేశారు, తెలంగాణలో 2023 జూలైలో రూ.4,016 చేశారు. మాస్టారుగారికి ప్రభుత్వ పింఛను వస్తుంటే ఇది సాధారణంగా వర్తించదు. ఆయనకు లాభించేది ఆదాయపు పన్ను మినహాయింపు. పాత పన్ను విధానంలో ఉంటే 40 శాతం వైకల్యానికి రూ.75,000, 80 శాతం, ఆపైన ఉంటే రూ.1,25,000 ఆదాయంలోంచి తగ్గించి చూపవచ్చు. రైలు టికెట్టు రాయితీ మాత్రం చూపు పూర్తిగా లేనివారికే. వారికి, వెంట వెళ్లే ఒక తోడుకు స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ 75 శాతం తగ్గిస్తారు.

వాల్తేరు_కౌంటర్ (విశాఖపట్నం)

నేను పుట్టుకతో అంధుడిని, బ్యాంకు ఉద్యోగిని. ఫోను గురించి అడిగారు కాబట్టి ఆ భాగం నేను రాస్తాను.

ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్, ఐఫోనులో వాయిస్‌ఓవర్ ముందుగానే ఉంటాయి, ఏదీ కొనక్కరలేదు. వేలు ఆనించిన చోట ఏముందో ఫోను చెబుతుంది, రెండుసార్లు తట్టితే తెరుచుకుంటుంది. మొదటి వారం చికాకు తప్పదు. పిల్లలు "ఇలా ఇవ్వు, నేను చేస్తాను" అంటూ చేతిలోంచి ఫోను లాక్కోకుండా ఉండడమే పెద్ద సహాయం. మాస్టారుగారికి నడిమి చూపు ఉంది కాబట్టి, ముందు నలుపు నేపథ్యం మీద తెల్లక్షరాలు పెట్టి చూడండి. కంప్యూటరుకు ఎన్.వి.డి.ఎ. అనే స్క్రీన్ రీడర్ (తెరమీది రాతను పైకి చదివే ప్రోగ్రాం) ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. దాని గొంతు గరగరలాడుతుంది గానీ, చెవికి అలవాటయ్యాక నాకు మనుషుల చదువే మరీ నెమ్మదిగా అనిపిస్తుంది. కాగితాలు చదివించుకోవడానికీ, ఎదురుగా ఏముందో తెలుసుకోవడానికీ సీయింగ్ ఏఐ, బీ మై ఐస్ అనే యాప్‌లు ఉన్నాయి. రెండో దానిలో వీడియో కాల్‌లో చూపున్న స్వచ్ఛంద సేవకులు మాట్లాడతారు. మందు సీసా మీద తేదీ చదివించుకోవడానికి ఫరవాలేదు, ఏటీఎం పిన్ను, బ్యాంకు కాగితాలు మాత్రం ఎవరికీ చూపించకండి.

నోట్ల విషయం చాలామందికి తెలియదు. వంద రూపాయల నోటు ముందువైపు ఉబ్బెత్తుగా త్రికోణం, అంచుల్లో నాలుగు ఏటవాలు గీతలు ఉంటాయి. ఐదు వందల నోటుకు వృత్తం, ఐదు గీతలు. రెండు వందల నోటుకు నాలుగు గీతల మధ్య రెండు చిన్న వృత్తాలు ఉంటాయి. కొత్త నోటు మీద బొటనవేలి కొసకు చక్కగా తగులుతాయి. సంతలో నలిగిన నోటు మీద ఏమీ తగలదు. అప్పుడు రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో విడుదల చేసిన మణి యాప్ వాడండి, అది ఇంటర్నెట్ లేకుండానే కెమెరాతో నోటు విలువ చెబుతుంది.

బ్యాంకులో "మీకు చెక్కుబుక్కు ఇవ్వం, ఏటీఎం కార్డు ఇవ్వం, జాయింటు ఖాతా తెరవండి" అంటే ఒప్పుకోవద్దు. చూపు లేదన్న కారణంతో ఏ సదుపాయమూ నిరాకరించకూడదని రిజర్వు బ్యాంకు 2008 జూన్ 4న ఆదేశించింది. కౌంటరుకు ఇటువైపు కూర్చున్నవాడిగా చెబుతున్నాను, చాలామంది సిబ్బందికి ఆ సర్క్యులర్ ఉన్నదనే తెలియదు. ఒక ప్రతి వెంట ఉంచుకుని మేనేజరుకు మర్యాదగా చూపిస్తే గొడవ లేకుండా తీరిపోతుంది.

పెద్దకోడలు (తాడేపల్లిగూడెం)

ఇది నేరుగా సేవలకు సంబంధించినది కాదు, అయినా రాయాలనిపించింది. మా అత్తగారికి మధుమేహం వల్ల చూపు బాగా తగ్గింది. కొన్నాళ్లకు "వసారాలో చిన్న చిన్న మనుషులు పట్టుబట్టలు కట్టుకుని నడుస్తున్నారే" అనడం మొదలుపెట్టారు. గోడంతా ముగ్గులు కనబడుతున్నాయనేవారు. ఇంట్లో సగంమంది మతి చెడిందన్నారు, మిగిలిన సగంమంది తాయెత్తు కట్టించారు. ఆవిడ భయపడి చెప్పడమే మానేశారు. చివరికి రెటీనా డాక్టరుగారే "అమ్మా, లేనివేమైనా కనబడుతున్నాయా?" అని తమంతట తాము అడిగారు. అలా అడిగిన మొదటి మనిషి ఆయనే.

దీన్ని చార్లెస్ బోనె సిండ్రోమ్ అంటారు. శుక్లాలతో చూపు తగ్గిన తన తాతగారికి ఇలా కనబడుతున్నదని 1760లో రాసిన స్విట్జర్లాండ్ పండితుడి పేరు అది. కంటినుంచి సమాచారం తగ్గిపోయినప్పుడు మెదడు తనంతట తానే బొమ్మలు కల్పించుకుంటుందట. అవి నిజం కావని మనిషికి తెలుస్తూనే ఉంటుంది, శబ్దం ఉండదు. దీపం వేయడం, కళ్లు గట్టిగా అటూ ఇటూ తిప్పడం, లేచి నాలుగడుగులు నడవడం వంటివి చేస్తే మా అత్తగారికి కాసేపటికి మాయమవుతాయి. మాటలు కూడా వినబడుతున్నా, అయోమయంగా ప్రవర్తిస్తున్నా అది వేరే సంగతి, వెంటనే డాక్టరుకు చూపించాలి. మాస్టారుగారిని ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి.

పదోతరగతి_అమ్మ (మహబూబ్‌నగర్)

మా అమ్మాయికీ ఎలగందుల గారి జబ్బే. ఈ ఏడాది పదో తరగతి. సైన్సు గ్రూపు తీసుకోవద్దని కాలేజీవాళ్లు అంటున్నారు. అమెరికాలో జన్యు చికిత్సతో చూపు వస్తుందని బంధువులు చెబుతున్నారు. రెండింటిలో ఏది నమ్మాలో తోచడం లేదు.

గచ్చకాయ (డల్లాస్)

అమ్మా, చికిత్స సంగతి నేను చెబుతాను, మా తమ్ముడి కోసం ఇక్కడ ఆరా తీశాను. అమెరికాలో 2017 డిసెంబరులో అనుమతి పొందిన లక్స్‌టర్నా నిజమైన మందే. కానీ అది ఆర్.పి.ఇ.65 అనే ఒక్క జన్యువులో రెండు ప్రతులూ దెబ్బతిన్నవారికే, అదీ రెటీనాలో బతికిన కణాలు తగినన్ని మిగిలి ఉంటేనే. ఈ జబ్బుకు కారణమయ్యే జన్యువులు పదుల సంఖ్యలో ఉన్నాయి. ముందు జన్యు పరీక్ష చేయించండి, ఏ జన్యువో తెలియకుండా టికెట్టు కొనవద్దు. మూలకణాల సూది వేస్తామని ముందుగా లక్షలు కట్టించుకునేవారి జోలికి అసలే పోవద్దు. మావాడి డబ్బు అలాగే పోయింది.

ఎలగందుల (కరీంనగర్)

చదువు సంగతి నేను చెబుతాను. మచిలీపట్నం దగ్గరి సీతారాంపురానికి చెందిన శ్రీకాంత్ బొల్లా గారికి కూడా పదో తరగతి తరువాత సైన్సు ఇవ్వలేదు. ఆయన కోర్టుకు వెళ్లి సాధించుకున్నారు, ఆ తరువాత అమెరికాలో ఎంఐటీలో చదివారు. ఇప్పుడు 2016 చట్టమే ఉంది కాబట్టి, నిరాకరణ ఏదైనా రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. రాతపూర్వకంగా అనేసరికి చాలా నిరాకరణలు కరిగిపోతాయి. పరీక్షలో రాసిపెట్టేందుకు స్క్రైబును, గంటకు 20 నిమిషాల అదనపు సమయాన్ని ముందుగానే దరఖాస్తు చేసి తీసుకోవాలి, హాల్ టికెట్లు వచ్చాక అడిగితే ఎవరూ పలకరు. పాఠ్యపుస్తకాలకు సుగమ్య పుస్తకాలయ ఉంది. 2016లో మొదలైన ఆ ఆన్‌లైన్ గ్రంథాలయంలో సభ్యత్వం ఉచితం. తెలుగు పుస్తకాలు ఇంగ్లీషు, హిందీలంత లేవు, ఆ మాట దాచను. హైదరాబాదు బేగంపేటలో అంధుల కోసం నడిచే దేవ్‌నార్ పాఠశాలవారిని కూడా ఒకసారి కలవండి, చదువు పద్ధతుల గురించి వారికి అనుభవం ఉంది.

బందరురోడ్డు (ఉయ్యూరు)

అందరికీ కృతజ్ఞతలు. తాడిగడపకు సోమవారం తీసుకువెళుతున్నాం. నల్ల అట్ట ఇంట్లోనే కోసి ఇచ్చాం, నాన్నగారు నిన్న సంపాదకీయం పూర్తిగా చదివారు. ఒక్కటే చిక్కు మిగిలింది. తెల్లకర్ర పట్టుకోమంటే "నా దగ్గర చదువుకున్న పిల్లలు చూస్తే ఏమనుకుంటారు" అని ససేమిరా అంటున్నారు.

కంటిఅద్దాలు (విజయవాడ)

అది అందరిలోనూ చూసేదేనండీ, బలవంతపెట్టకండి. మడిచే కర్ర ఉంటుంది, నాలుగు ముక్కలై సంచిలో పడిపోతుంది. ముందు చీకటి పడ్డాక, కొత్త ఊళ్లో, బస్టాండులో మాత్రమే తీయమనండి. బజారులో దొరికిన పొడవు కొనవద్దు, నిలువుగా పెడితే రొమ్ము ఎముక దాకా రావాలి. పొట్టి కర్రయితే మనిషి వంగిపోతాడు, గుంట తెలిసేసరికి కాలు అందులో ఉంటుంది. నడక శిక్షణ ఇచ్చేవారు ఎత్తు కొలిచి ఇస్తారు, కర్రను ఎడమకూ కుడికీ ఊపుతూ కాలికి ముందు నేలను తడమడం నేర్పుతారు. ఇంట్లోవాళ్లు కూడా ఒకటి నేర్చుకోవాలి. దారి చూపేటప్పుడు ఆయన చెయ్యి మీరు పట్టి లాగకూడదు, మీ మోచేతిపైన ఆయన పట్టుకుని అరడుగు వెనక నడవాలి. సోమవారం వెళ్లేటప్పుడు ఇటీవలి ఫీల్డ్ రిపోర్టు, వాడుతున్న చుక్కల మందు సీసాలు, ఇప్పటి అద్దాలు, ఆయన చదవాలనుకునే పత్రిక ఒకటి వెంట తీసుకెళ్లండి. ఆసుపత్రి చార్టుతో కాక ఆ పత్రికతోనే పరీక్షించమని అడగండి.