పిప్ అప్పీలు ఫస్ట్-టియర్ ట్రిబ్యునల్‌లో ఓడిపోయింది: అప్పర్ ట్రిబ్యునల్‌కు వెళ్లడం ఎలా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మా చెల్లెలికి చిన్నప్పటి నుంచి మూర్ఛ వ్యాధి ఉంది. ఆమె బ్రిటిష్ పౌరురాలు. నెలకు రెండు మూడు సార్లు ఏ సూచనా లేకుండా స్పృహ తప్పి పడిపోతుంది. పిప్ (పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్, అంటే దీర్ఘకాల అనారోగ్యం లేదా వైకల్యం ఉన్నవారికి ఇచ్చే భృతి) కోసం పెట్టుకున్న దరఖాస్తును డీడబ్ల్యూపీ, అంటే భృతులు చూసే ప్రభుత్వ శాఖ, తిరస్కరించింది. మాండేటరీ రీకన్సిడరేషన్‌లోనూ, అంటే ఆ శాఖే తన నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించినప్పుడూ, అదే సమాధానం వచ్చింది. చివరకు అప్పీలు విన్న ఫస్ట్-టియర్ ట్రిబ్యునల్ కూడా డెయిలీ లివింగ్ (రోజువారీ పనులు) భాగంలో 2 పాయింట్లు, మొబిలిటీలో (బయటకు వెళ్లిరావడం, నడవడం) సున్నా ఇచ్చి అప్పీలు కొట్టివేసింది. మూర్ఛ రాని రోజులే ఎక్కువ కాబట్టి అర్హత లేదని నిర్ణయపత్రంలో క్లుప్తంగా రాశారు. ఆ పత్రం పోయిన వారమే అందింది. విచారణ తరువాత న్యూరాలజిస్టు మరింత వివరంగా ఒక లేఖ ఇచ్చారు. దానిని జతచేసి పై స్థాయి అయిన అప్పర్ ట్రిబ్యునల్‌కు పంపితే సరిపోతుందా? ఫీజు ఏమైనా ఉంటుందా?

మొదటి జవాబు:

ఫీజు ఏమీ లేదు. అయితే ఆ లేఖ ఒక్కటే పంపితే పని జరగదు. అప్పర్ ట్రిబ్యునల్ కేసును మళ్లీ మొదటి నుంచి విచారించదు. 2007 నాటి ట్రిబ్యునల్స్, కోర్ట్స్ అండ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, కింది ట్రిబ్యునల్ చట్టపరమైన పొరపాటు చేసిందా లేదా అన్నది మాత్రమే అక్కడ చూస్తారు. మా మాట నమ్మలేదు, మాకు అన్యాయం జరిగింది అని ఎంత ఆవేదనతో రాసినా అది చట్టపరమైన కారణం కాదు. చట్టాన్ని తప్పుగా అన్వయించడం, ముఖ్యమైన సాక్ష్యాన్ని పట్టించుకోకపోవడం, ఆధారం లేకుండా నిర్ధారణకు రావడం, తగిన కారణాలు చెప్పకపోవడం, విచారణ తీరులోనే న్యాయం లోపించడం వంటివి కారణాలవుతాయి. ఉదాహరణకు దుబాసీ సరిగా అనువదించకపోయినా, చెల్లెలికి మాట్లాడే అవకాశం దక్కకపోయినా అది చివరి రకం కిందికి వస్తుంది.

అందుకే ముందుగా చేయవలసిన పని స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్, అంటే పూర్తి కారణాల పత్రం కోరడం. నిర్ణయపత్రం పంపిన తేదీ నుంచి ఒక నెల లోపల ఫస్ట్-టియర్ ట్రిబ్యునల్‌కు రాతపూర్వకంగా అడగాలి. గడువు లెక్క మీ చేతికి అందిన రోజు నుంచి కాదు, కాబట్టి ఈ వారమే పంపండి. విచారణ రికార్డింగ్ కూడా అదే లేఖలో అడగండి. కారణాల పత్రం పంపిన తేదీ నుంచి మరో నెలలోపు, అప్పర్ ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవడానికి అనుమతి ఇవ్వమని అదే ఫస్ట్-టియర్ ట్రిబ్యునల్‌ను అడగాలి. చాలామంది నేరుగా పైకి రాయాలనుకుంటారు గానీ వరుస ఇది. అక్కడ నిరాకరిస్తే, ఆ నిరాకరణ పంపిన తేదీ నుంచి ఒక నెలలో యూటీ1 ఫారంతో అప్పర్ ట్రిబ్యునల్‌నే అనుమతి కోరవచ్చు. నిరాకరించారని ఆగిపోకండి, అప్పర్ ట్రిబ్యునల్ జడ్జి దానిని స్వతంత్రంగా పరిశీలిస్తారు.

అడిగినవారు:

చాలా కృతజ్ఞతలండి. మూర్ఛ రాని రోజులే ఎక్కువన్న మాట నిజమే కదా, మరి అందులో చట్టపరమైన పొరపాటు ఎక్కడుంది?

రెండవ జవాబు:

మీ కేసుకు కీలకం అదే. పిప్ నిబంధనల్లో 7వది సగానికి మించిన రోజుల గురించి చెబుతుంది. కానీ అక్కడ లెక్కించవలసింది మూర్ఛ వచ్చిన రోజులను కాదు, ఆ పనిని సురక్షితంగా చేయలేని రోజులను. ఒక పని చేయగలరని చెప్పాలంటే దానిని సురక్షితంగా, సరైన విధంగా, అవసరమైనన్ని సార్లు, తగిన సమయంలో చేయగలగాలని 4వ నిబంధన చెబుతుంది. మూర్ఛ ఎప్పుడు వస్తుందో తెలియనప్పుడు పొయ్యి దగ్గర ప్రమాదం ప్రతిరోజూ ఉన్నట్టే. 2017లో అప్పర్ ట్రిబ్యునల్‌లో ముగ్గురు జడ్జీలు, మూర్ఛ ఉన్నవారి అప్పీళ్లు కూడా ఉన్న ఆర్‌జే కేసులో, [2017] యూకేయూటీ 105 (ఏఏసీ), ఇదే తేల్చారు. హాని జరిగే అవకాశం సగానికి మించి ఉండనక్కరలేదు, పట్టించుకోకుండా వదిలేయలేని నిజమైన ప్రమాదం ఉందా, జరిగితే హాని ఎంత తీవ్రంగా ఉంటుంది అన్న రెండింటినీ కలిపి చూడాలన్నారు. కారణాల పత్రంలో ట్రిబ్యునల్ రోజులను మాత్రమే లెక్కించి ఈ ప్రశ్న వేసుకోకపోతే, ఏ పేరాలో అలా చేసిందో ఆ పేరా సంఖ్యతో సహా చూపి, ఈ తీర్పును ఉటంకించండి.

ఇంకొక సంగతి. పొరపాటు చూపడంతో సరిపోదు, అది ఫలితాన్ని మార్చగలిగేదై ఉండాలి. స్టాండర్డ్ (మామూలు) రేటుకు ఒక్కో భాగంలో 8 పాయింట్లు కావాలి. వంటకు పక్కన మనిషి ఉండాలని ఒప్పుకుంటే 4, స్నానానికి 2, మందుల విషయంలో సహాయానికి 1 వచ్చినా మొత్తం 7 మాత్రమే. మరొక పనిలోనూ పర్యవేక్షణ అవసరమని ఫారంలోనో విచారణలోనో చెప్పి ఉంటే దానిని తప్పక ప్రస్తావించండి. మొబిలిటీలో పరిస్థితి వేరు. తెలియని దారిలో మరొకరి తోడు లేకుండా వెళ్లలేరంటే 10 పాయింట్లు, తెలిసిన దారిలోనూ వెళ్లలేరంటే 12, అంటే ఎన్‌హాన్స్‌డ్ (ఎక్కువ) రేటు. కాబట్టి నా ఉద్దేశంలో దరఖాస్తులో మొబిలిటీ అంశాన్నే ముందు పెట్టాలి.

మూడవ జవాబు:

పై ఇద్దరూ చెప్పినది సరైనదే, కొంత చేరుస్తాను. అప్పర్ ట్రిబ్యునల్ పొరపాటు ఉందని తేలిస్తే తానే తీర్పు ఇవ్వవచ్చు, లేదా ఫస్ట్-టియర్ ట్రిబ్యునల్‌లోని కొత్త ప్యానెల్‌కు తిరిగి పంపవచ్చు. సాక్ష్యాలను తూచవలసి ఉన్నప్పుడు తిరిగి పంపడమే ఎక్కువ. న్యూరాలజిస్టు లేఖ అప్పుడే పనికొస్తుంది. అయితే డీడబ్ల్యూపీ మొదటి నిర్ణయం ఇచ్చిన నాటి పరిస్థితినే కొత్త ప్యానెల్ కూడా చూడాలి గనుక, ఆ కాలంలో మూర్ఛ ఎలా ఉండేదో లేఖలో స్పష్టంగా రాయమని డాక్టరు గారిని ఇప్పుడే అడగడం మంచిది.

ఈలోగా పిప్‌కు కొత్త క్లెయిమ్ కూడా వేయవచ్చు. మీ చెల్లెలికి ఇప్పుడు ఏ అవార్డూ (మంజూరైన భృతి) లేదు కాబట్టి పోయేదేమీ లేదు. కొత్త క్లెయిమ్ గెలిచినా పాత కాలానికి బకాయిలు అప్పీలు ద్వారానే రావాలి కాబట్టి దానిని వదలకండి. ఇది చదివేవారిలో ఇప్పటికే స్టాండర్డ్ రేటు పొందుతూ ఎన్‌హాన్స్‌డ్ కోసం అప్పీలు వేయాలనుకునేవారు మాత్రం ఒకసారి ఆలోచించండి, కొత్త ప్యానెల్ ఉన్న పాయింట్లను కూడా తిరిగి చూడవచ్చు.

ఇంగ్లండ్, వేల్స్‌లో ఆదాయ పరిమితికి లోబడి, అప్పర్ ట్రిబ్యునల్ అప్పీలుకు న్యాయ సలహా లీగల్ ఎయిడ్ (ప్రభుత్వ ఖర్చుతో న్యాయ సహాయం) ద్వారా దొరుకుతుంది. కారణాల పత్రం రాగానే దాని నకలుతో దగ్గరలో ఉచిత సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్‌నో, లా సెంటర్‌నో సంప్రదించండి. స్కాట్లాండ్‌లో ఉన్నవారికి అడల్ట్ డిసెబిలిటీ పేమెంట్ అని వేరే భృతి, వేరే ట్రిబ్యునల్ వ్యవస్థ ఉన్నాయి. కాబట్టి పైన చెప్పిన గడువులను అక్కడ యథాతథంగా వాడకండి.

అడిగినవారు:

కారణాల పత్రం, రికార్డింగ్ కోరుతూ లేఖ ఈరోజే పంపుతున్నాను. పత్రం అందగానే అందులోని మొబిలిటీ పేరాలను ఇక్కడ వ్యక్తిగత వివరాలు తీసివేసి పెడతాను, దయచేసి చూసి చెప్పండి.