అజ్మాన్‌లో మూడు దిర్హాంల బీరు: అప్పటి గల్ఫ్ బతుకు నిజంగా చవకేనా?

జగిత్యాల పాతకాపు:
నిన్న కోరుట్లల ఒక పెండ్లికాడ నలుగురం పాత దుబాయోళ్ళం కలిసినం, అందరం 60 దాటినోళ్ళమే, బువ్వ తినుడు అయిపోయినా అప్పుడు చవకనా ఇప్పుడు చవకనా అనే ఈ పంచాయితీ తెగలే, అందుకే ఈడ పెడుతున్న. నేను 1989ల షార్జా పోయిన, షట్టరింగ్ పని, నెలకు 600 దిర్హాంలు. షార్జాల 1985 సంది మందు బంద్, అందుకని శుక్రవారం నలుగురం కలిసి టాక్సీ మాట్లాడుకొని పక్కన మందు దొరికే అజ్మాన్‌ల మా ఊరాయన రూముకు పోతుంటిమి, క్యాన్ బీరు మూడు దిర్హాంలకు అటిటు ఉండె. ఐస్ డబ్బాల నుంచి తీసిన క్యాన్ మొదలు చెంపకు ఆనిచ్చుకునేది, తర్వాతనే మూత తీసేది, వారం ఎండంత ఆడనే దిగిపోతుండె. రూము కిరాయి తలకు 55, మెస్సు 90, అన్ని పోను ఇంటికి 400 పంపిన నెలలు మస్తున్నయి. ఇప్పుడు పోయే పిల్లగాండ్లు జీతం 1,200 అంటరు, ఏం మిగుల్తలేదంటరు. అప్పుడే చవక, అప్పుడే మంచిగుండె అని నేను గట్టిగ చెప్త, కాదనేటోళ్ళు లెక్క చూపియ్యుండ్రి.

షార్జా అకౌంటెంట్:
కాకా, మీమీద గౌరవంతోనే కాదంటున్నా. నేను 2014లో వచ్చా, కాబట్టి మీ రోజులు చూళ్ళేదు, కానీ మీరిచ్చిన అంకెలే చూద్దాం. 600ని 26 రోజులకి పంచితే రోజుకి 23 దిర్హాంలు, పది గంటల పని, అంటే మూడు దిర్హాంల క్యాన్‌కి గంటంబావు పైన కూలి పోయింది. ఇవాళ 1,200 వాడికి రోజుకి 46, షాపులో క్యాన్ ఆరు అనుకోండి, మళ్ళీ అదే గంటంబావు. బీరు ధర గుర్తుంది కానీ దానికోసం మోసిన చెక్కల బరువు లెక్కలోకి రాలేదు అంతే. హోటల్ బార్లో గ్లాసు 45 అని ఆశ్చర్యపోతుంటారు పాతవాళ్ళు, నిజమే, కానీ లేబర్ క్యాంపు మనిషి అప్పుడూ అక్కడికి వెళ్ళలేదు ఇప్పుడూ వెళ్ళట్లేదు. పన్నులు పెరిగాయా అంటే పెరిగాయి, 2018 జనవరి నుంచి వ్యాట్ 5 శాతం, దుబాయ్‌లో మద్యం మీద 30 శాతం పన్ను 2023లో ఆపి 2025 జనవరి 1 నుంచి మళ్ళీ వేశారు. ఆ మాట ఒప్పుకుంటా.

నిజామాబాద్ దమ్మాం:
మా సౌదీల బీరే లేదు కదన్నా, మా కొలత పెప్సీ. ఏండ్లకు ఏండ్లు క్యాన్ ఒక్క రియాల్, పిల్లగాడు కూడ బక్కాలాకు, అంటే కిరాణ దుకాణానికి, రియాల్ పట్టుకొని ఉరికేటోడు. 2010ల రియాలున్నర చేసిన్రు, 2017ల దానిమీద 50 శాతం పన్ను. అది ఎట్లనో భరిస్తం, కానీ 2017 జులై నుంచి కుటుంబం మీద ఫీజు పెట్టిన్రు సూడు, తలకు నెలకు 100 రియాళ్ళు, ఏటా 100 పెంచుకుంట 2020కి 400 చేసిన్రు. నాకు భార్య, ఇద్దరు పిల్లలు, 2020 దాక ఉంచుకుంటే నెలకు 1,200 ఉత్తగ కట్టాల్సి వస్తుండె. 2019లనే వాళ్ళను ఇంటికి తోలిన, ఆ యేడు నేను ఒక్కణ్ణే రంజాన్ సెలవులల్ల ఖుబ్జు (అరబ్బు రొట్టె), పప్పు తినుకుంట గోడలు సూస్కుంట కూసున్న. కాబట్టి నా ఓటు పాతకాపన్నకే.

రాజోలు మస్కట్:
ఒమన్లో కూడా 2019 జూన్‌లో మద్యం మీద 100 శాతం పన్నేశారండీ, కొన్నాళ్ళకి సగానికి తగ్గించారు. నాకు మాత్రం చవక అంటే 1995 గుర్తొస్తాదండి, సెలవుకొచ్చేసరికి మన రాష్ట్రంలో మద్యనిషేధం, 97 దాకా అంతే. నేను తెచ్చిన రెండు సీసాల కోసం మా మావయ్యగారు బస్టాండు దాకా ఎదురొచ్చారు. అక్కడ చవగ్గా దొరికేదే ఇక్కడ బంగారం.

జగిత్యాల పాతకాపు:
అకౌంటెంట్ తమ్మీ, బీరు కాడ నీ లెక్క కరెక్టే, ఒప్పుకుంట. కని మేం పోయింది బీరు కోసం కాదు కద, బంగారంతోని కొలువు. 2000ల నా జీతం 800, గ్రాము 24 క్యారెట్ 33, 34 దిర్హాంలు. నెల జీతం పెడితే రెండు తులాలు దాటి వస్తుండె. మా చెల్లె పెండ్లికి ఐదు తులాలు రెండు నెలల జీతం మీద కొంచెం అంతే, దుబాయ్‌ నైఫ్ బజార్ల కొని జేబుల పెట్టుకొని బనీను మీద చెయ్యి అట్లనే ఉంచుకొని రూముకొచ్చిన. ఇప్పుడు గ్రాము 400 దాటింది, 1,200 జీతమోడు మూడు గ్రాములు సుత కొనలేడు. ఇంకోటి, దిర్హాం 23 రూపాయలు దాటింది అని సంబరపడుతరు, నెలకు 27, 28 వేలు అయితయి, ఊళ్ళె మేస్త్రీకి అంతే వస్తది, రాత్రికి ఇంట్ల పండుకుంటడు.

కోరుట్ల కోడలు:
నేను ఎప్పుడు రాయలే ఈడ, ఇయ్యాల రాయబుద్ధయింది. మా ఆయన 1992ల పోయిండు, ఏజెంటుకు 35,000, నూటికి మూడు రూపాయల మిత్తి. నెలకు మిత్తే 1,050, ఆయన జీతం 500 దిర్హాంలు అంటే అప్పటి లెక్కల 3,700 చిల్లర. జీతంల పావుకు ఎక్కువ షావుకారుకే పాయె. మీ చవకల ఇది కలిపిన్రా అన్నా? ఫోను మాట్లాడే తాకత్ లేకుండె, ఎవరన్న సెలవుకు వస్తే క్యాసెట్ పంపేటోడు. అండ్ల ఆయన మాట ఎనుక ఫ్యాను సప్పుడు, ఎవరో గిన్నెలు తోమే సప్పుడు ఇనిపిస్తుండె. మా కొడుకు పుట్టినంక రెండేండ్లన్నర దాక తండ్రి మొకం సూడలే, టేప్ రికార్డర్ కాడ కూసొని దానికే అన్నం ముద్ద పెట్టేటోడు. ఇప్పుడు ఆ కొడుకే దుబాయ్‌ల ఉన్నడు, రోజు రాత్రి బోటిం యాప్‌ల వీడియో కాల్ చేసి మనుమరాలు నిద్రపోయేదాక ఆడిపిస్తడు. బంగారం కొనలేడు, నిజమే. కని నాకు అప్పటి రోజులే పిరం.

జగిత్యాల పాతకాపు:
అక్కా, నీది మూడుసార్లు సదివిన. నేను సుత క్యాసెట్లు నింపిన, బీరు తాగిన శుక్రవారమే నింపుతుంటి, గొంతు అప్పుడే లేస్తుండె, లేకపోతే పిల్లల పేర్లు తీసుడుకే మాట ఆగిపోతుండె. బంగారం మాట మీద నేను నిలబడ్త. మంచిగుండె అన్నది మాత్రం వాపస్ తీసుకుంట. అకౌంటెంట్ తమ్మీ, ఒక్క పని చెయ్యి, ఇప్పుడొచ్చిన పిల్లగాండ్లను అడుగు, ఏజెంటుకు ఎంత ఇచ్చిన్రు, ఎన్ని నెలలకు తీరింది, అది తెల్వకుండ ఈ లెక్క తెగదు.

షార్జా అకౌంటెంట్:
అడిగా కాకా. రూలు ప్రకారం ఏజెంటు 30,000, దానిమీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. మా బిల్డింగ్‌లో క్లీనింగ్ చేసే కుర్రాడు, మెట్‌పల్లి పక్కన ఊరు, లక్షా పదివేలు ఇచ్చాడట, రసీదు లేదు. వచ్చి పద్నాలుగు నెలలైంది, ఇంకా ముప్పై వేలు బాకీ. బీరు తాగుతావా అని అడిగితే అప్పు తీరాక అన్నాడు.