హిమాలయన్‌కి ఎక్స్‌ట్రా లైట్లు: అవసరమా, ఎదుటోడి కళ్ళల్లో కొట్టడానికా?

నిద్రమొహం_411
అన్నలూ, నాది 2019 రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైకు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం, నంద్యాల మీదుగా గండికోట పోదామని ప్లాను, తెల్లారుజామున మూడింటికి బయల్దేరాలి. దీని హెడ్‌లైట్ సంగతి తెలిసిందేగా, 60/55 వాట్ల హాలోజన్, సిటీ దాటాక వెలుగుతోందా లేదా అని వంగి చూసుకోవాల్సి వస్తోంది. క్రాష్ గార్డుకి రెండు 40 వాట్ల ఎల్‌ఈడీలు, హ్యాండిల్‌కి యూఎస్‌బీ ఛార్జరు, చలికాలానికి హీటెడ్ గ్రిప్స్ వేయిద్దామనుకుంటున్నా. మా రూమ్మేటేమో బ్యాటరీ చస్తుంది, పోలీసులు పట్టుకుంటారు, పైగా ఎదురొచ్చే ప్రతివాడూ నిన్ను తిట్టుకుంటూ పోతాడు అంటున్నాడు. పెట్టించాలా వద్దా?

పాతబుల్లెట్
వద్దు. ముప్పై ఏళ్ళ నుంచి తోలుతున్నా, మా బుల్లెట్ బల్బు ముందు మిణుగురు పురుగే నయం, అయినా ఊళ్ళు తిరిగాం. లైటు ఎంత దూరం పడితే అంత స్పీడులోనే పోవాలి. లైట్లు పెట్టినోడు 60లో పోవాల్సిన చోట 90లో పోతాడు, ఇక లాభమేంటి? అయినా శ్రీశైలం రోడ్డులో మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు తమ్ముడూ, అడవిలో జంతువులు తిరుగుతాయని. మూడింటికి బయల్దేరి గేటు ముందు టీ తాగుతూ కూర్చుంటావా?

నిద్రమొహం_411
గేటు తీసేసరికి అక్కడుండాలనే మూడింటికి అంటున్నా మాస్టారు. గేటు దాకా దాదాపు 140 కిలోమీటర్లు చీకట్లోనేగా పోవాలి.

తాండూర్_పోరడు
నేనైతే పెట్టుమనే అంట. పోయిన యాసంగిల మా ఊరికి పోతున్న, రాత్రి ఎనిమిదైతుంది, రోడ్డు మీద సగం దాకా వడ్లు పోసిండ్రు, మీద నల్ల తాటిపత్రి కప్పిండ్రు, అది ఎగిరిపోకుండ సుట్టూ రాళ్ళు పెట్టిండ్రు. నల్ల రోడ్డు మీద నల్ల తాటిపత్రి, ఎట్ల కనవడ్తది? నేను 50ల ఉన్న, పెద్దన్న చెప్పిన స్పీడే. ముందటి టైరు రాయి ఎక్కింది, రిమ్ము వంగింది, మోచెయ్యి చర్మం లేసింది. ఆ రాళ్ళు ఓ నెలరోజులు కలలకొచ్చినయి. గదే నెల లైట్లు పెట్టించిన. ఎనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు, రోడ్డు నడిమిట్ల పండుకునే బర్లు, గివన్ని మీ రోజులల్ల లేవా?

పాతబుల్లెట్
ఉన్నాయి. అందుకే మేం రాత్రిళ్ళు పడుకునేవాళ్ళం.

లారీ_నాన్న_కొడుకు
మా నాన్న పాతికేళ్ళు లారీ తోలాడు, ఇప్పుడు చూపు తగ్గి ఇంట్లో ఉన్నాడు కానీ ఆయన మాట ఒకటి చెప్తా. ఎదురొచ్చే బండికి పక్కపక్కనే రెండు లైట్లు కనిపిస్తే అది ఎక్కడో దూరంగా ఉన్న కారు అనుకుంటాం, తీరా చూస్తే దగ్గరికొచ్చేసిన బైకు, ఈలోపు ముందున్న ట్రాక్టర్ని దాటడానికి బండి బయటికి తీసేసి ఉంటాం. మీరేమో మాకు కనిపిస్తోంది కాబట్టి అందరికీ కనిపిస్తున్నాం అనుకుంటారు. ఇంకోటి, ఆ తెల్ల లైటు నేరుగా కళ్ళల్లో పడ్డాక రెండు మూడు సెకన్లు ఏమీ కనపడదు, 60లో పోయే లారీ ఆ మూడు సెకన్లలో 50 మీటర్లు గుడ్డిగా పోతుంది. ఆ 50 మీటర్లలో నువ్వే ఉండొచ్చు బ్రో. డిప్ కొడితే డిప్ కొట్టాలి, అంతే. మీలో ఎంతమంది ఎక్స్‌ట్రా లైట్లు కూడా ఆపుతున్నారో నిజం చెప్పండి.

తాండూర్_పోరడు
నిజం చెప్పాల్నంటే ఒక్కోసారి మర్చిపోత. నా స్విచ్చి ఎడమ దిక్కు అద్దం కింద ఉంది, గ్లవ్స్‌తోని దొరకది.

కరెంటు_పనోడు
ఇక్కడే ఉంది అసలు గొడవ, లైట్లలో లేదు, వాటి వైరింగులో ఉంది. షాపుల్లో చాలావరకు ఎక్స్‌ట్రా లైట్లకి విడిగా స్విచ్చి ఇచ్చి వదిలేస్తారు, కాబట్టి ఎదుటివాడొస్తే రెండు పనులు చెయ్యాలి, డిప్పర్ కొట్టాలి, ఆ స్విచ్చి వెతకాలి. ఘాట్‌లో మలుపు తిరుగుతూ ఎవడు చేస్తాడు? చెయ్యాల్సింది ఏంటంటే నాలుగు పిన్నుల రిలే (చిన్న సిగ్నలుతో పెద్ద కరెంటుని ఆన్ ఆఫ్ చేసే స్విచ్చి) తీసుకో, పిన్నుల మీద నంబర్లుంటాయి, 30కి బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా వైరు, 87 నుంచి లైట్లకి, 85 ఎర్తు, 86కి హై బీమ్ వైరు నుంచి సిగ్నలు. ఆ సిగ్నలు వైరు మధ్యలో చిన్న స్విచ్చి పెట్టుకుంటే సిటీలో పూర్తిగా ఆపేసుకోవచ్చు. అప్పుడు డిప్పర్ కొట్టగానే అన్నీ కలిసి ఆరిపోతాయి, నువ్వు మర్చిపోయినా సరే. ఫ్యూజు మాత్రం బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి, లైటు దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరుసుకుపోయి షార్టయినప్పుడు అది ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే.

లెక్కకొస్తే 80 వాట్లంటే సుమారు 6 ఆంపియర్లు, 10 ఆంపియర్ల ఫ్యూజు చాలు. నీ బండి ఆల్టర్నేటర్ 220 వాట్లు, కానీ అది ఇంజను తిరిగినప్పటి మాట, ఐడిల్‌లో అంత రాదు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన బళ్ళన్నిటికీ హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే ఉంటుంది కాబట్టి అదొక 55 పోయింది, పెట్రోల్ పంపు, ఈసీయూ (ఇంజను కంప్యూటరు), కాయిలు వాటి వాటా అవి తీసుకుంటాయి, నీ లైట్లు 80, గ్రిప్స్ ఇంకో 40. హైవేలో లాగేస్తుంది. ట్రాఫిక్‌లో అన్నీ వేసుకుని అరగంట నిలబడితే బ్యాటరీలోంచి తింటుంది. నీ బండికి కిక్కర్ లేదు, బ్యాటరీ పూర్తిగా పోతే పంపు పనిచెయ్యదు కాబట్టి తోసి స్టార్టు చెయ్యడం కూడా కష్టం. ఇదంతా పెట్టె మీద రాసిన వాట్ల లెక్క. చవక ఎల్‌ఈడీలు 40 అని రాసినా మీటరు పెడితే ఒక్కోటి ఆంపియరున్నర, అంటే 20 వాట్లే లాగుతాయి.

మైలేజీ పడిపోతుందని భయపడేవాళ్ళకో మాట, ఎక్కువ బైకుల్లో రెగ్యులేటరు మిగిలిన కరెంటుని ఎలాగూ వేడి చేసి తగలేస్తుంది, మనం వాడకపోతే ఇంజనుకేదో విశ్రాంతి అనుకోవద్దు.

సంక్రాంతి_బాధితుడు
లైట్ల సంగతేమో గానీ యూఎస్‌బీ ఛార్జర్‌తో జాగ్రత్త అన్నా. నాకు ఒక షాపువాడు దాన్ని నేరుగా బ్యాటరీకి కలిపేసి, జాయింటుకి ఉత్త ఇన్సులేషన్ టేపు చుట్టి పంపాడు. దాని మీద చిన్న నీలం లైటు, చూడ్డానికి ముద్దుగానే ఉండేది. సంక్రాంతికి ఊరెళ్ళి పన్నెండు రోజులకొచ్చా, తాళం తిప్పితే మీటరు వెలిగీ వెలగనట్టు ఉంది, సెల్ఫ్ నొక్కితే టిక్ టిక్ టిక్. సీటు తీసి చూస్తే ఎండకి ఆ టేపు జిగురంతా కారి నల్లగా బంక, రాగి బయటపడి ఉంది.

కరెంటు_పనోడు
అది 20 మిల్లీ ఆంపియర్లు తాగుతోందనుకో, 8 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ 400 గంటలు, అంటే పదహారు రోజుల్లో ఖాళీ, సెల్ఫ్ కొట్టడం అంతకు చాలా ముందే ఆగిపోతుంది. ఛార్జరైనా రిలే మీదుగా ఇవ్వాలి, బండి తాళం తీసేస్తే అదీ ఆరిపోవాలి. టేపు కాదు, సోల్డరో క్రింపో చేసి హీట్ ష్రింక్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వెయ్యమను, ఒరిజినల్ వైరు కొయ్యనివ్వకు, కోయకుండా కలపడానికి కప్లర్ దొరుకుతుంది. కోస్తే రేపు వారంటీ అడిగే మొహం ఉండదు.

లారీ_నాన్న_కొడుకు
పోలీసుల సంగతి ఎవరూ చెప్పలేదు. మోటారు వాహనాల చట్టం 2019 సవరణలో సెక్షన్ 182ఏ అని ఒకటుంది, రూల్సు ఒప్పుకోని మార్పు చేస్తే ఓనరుకి ఒక్కో మార్పుకి 5000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. మెరిసే లైట్లు, ఎరుపు నీలం లైట్లు పెట్టుకుని మనల్ని మనమే అంబులెన్స్ అనుకోవద్దు.

అరకు_చలి
హై బీమ్‌కే కట్టెయ్యండి అనేవాళ్ళు ఒకసారి డిసెంబర్లో లంబసింగి రండి. పొగమంచులో హై బీమ్ వేస్తే ముందు తెల్ల గోడ తప్ప ఏం కనపడదు, లో బీమ్‌తో పాటు కిందకి పడే పసుపు లైటే దిక్కు. నా ఓటు వేరే స్విచ్చికే.

కరెంటు_పనోడు
ఒప్పుకుంటా, కానీ అది ఫాగ్ లైటు, వెడల్పుగా పడాలి, పైన గీత గీసినట్టు తెగిపోవాలి. ఈ మనిషి అడిగింది దూరంగా కొట్టే గుండ్రటి లైట్లు. రెండూ ఒకటి కాదు. ఏదైనా సరే గోడకి 5 మీటర్ల దూరంలో బండి పెట్టి, నువ్వు ఎక్కి కూర్చుని, లైటు ఎత్తులో గోడ మీద గీత గీసి, వెలుగు పై అంచు దానికి కనీసం 5 సెంటీమీటర్లు కిందుండేలా బిగించు. స్టాండు మీద పెట్టి బిగిస్తే నువ్వు ఎక్కగానే వెనక దిగి లైటు పైకి లేస్తుంది.

నిద్రమొహం_411
అప్‌డేట్. మీటరు కొన్నా. ఐడిల్‌లో అన్నీ వేస్తే 12.5 వోల్టులు, 3000 ఆర్‌పీఎంలో 14.1 వోల్టులు చూపించింది. ఒక జత లైట్లే, హై బీమ్‌కి రిలే మీద కట్టించా, పక్కనే నిలబడి ఫ్యూజు బ్యాటరీ దగ్గరే వేయించా. గ్రిప్స్ మానేశా, మా అమ్మ ఉన్ని గ్లవ్స్ పంపింది. గోడ మీద చాక్‌పీసు గీతలు చూసి ఇంటి ఓనర్ ఆంటీ ఇవేంటి బాబూ అని అడుగుతోంది, వాన పడేదాకా ఉంటాయేమో. శనివారం మూడింటికి బయల్దేరుతున్నా.

పాతబుల్లెట్
సరే. ఎదురుగా ఎవరూ లేనప్పుడు కూడా 60 దాటకు. గేటు దగ్గర నేనూ ఉంటా, నేను మాత్రం ముందురోజు సాయంత్రమే వచ్చి అచ్చంపేటలో పడుకుంటా.