పాత మంగలి కత్తికి పిడి వైపు పదును రావడం లేదు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. జర్మనీలోని జోలింగెన్‌లో తయారైన పాత మంగలి కత్తి ఒకటి నా చేతికొచ్చింది. వెడల్పు 5/8 అంగుళం, రేకు బాగా పల్చన, గోటితో మీటితే ఖంగుమంటుంది. తుప్పు వదిలించాను, అంచు దగ్గర గుంటలేమీ లేవు. కార్ట్రిడ్జ్ రేజర్ల మీద మోజు ఎప్పుడో పోయింది కాబట్టి ఇక దీన్నే వాడాలని పట్టుదల.

1000 గ్రిట్ (రాయి గరుకుదనం కొలత, అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు) రాయి మీద పట్టాక కొన వైపు, మధ్యలో చేతి వెంట్రుకలు తేలిగ్గా తెగుతున్నాయి. పిడి వైపు అర అంగుళం మేర మాత్రం అస్సలు తెగడం లేదు. అంచుకి మార్కర్ ఇంకు పూసి రాయి మీద మెల్లగా లాగి చూస్తే, అక్కడ ఇంకు ఒకవైపే చెరుగుతోంది. రెండోవైపు నల్లగా అలాగే ఉంటోంది. రాయి వంకరేమో అని పెన్సిల్ గీతలు గీసి చదును చేసి చూశా, అది బాగానే ఉంది. కత్తే కాస్త మెలి తిరిగిందని నా అనుమానం.

ఇలాంటప్పుడు తక్కువ వెడల్పున్న రాయి మీద ఏటవాలుగా పెట్టి, పిడి నుంచి కొన దాకా దొర్లించినట్టు లాగాలా? వెన్నుకి, అంటే పదును అంచుకి ఎదురుగా రాయికి ఆనే మందపాటి వైపుకి, టేపు అంటించాలా? టేపు వేస్తే కోణం కొద్దిగా పెరుగుతుందని తెలుసు, కానీ వెన్ను ఇప్పటికే ఒకపక్క అరిగి ఉంది, ఇంకా అరగదీయాలంటే మనసొప్పడం లేదు. ఇది కుదిరాకే 4000, 8000 రాళ్లకి వెళ్తాను.

తోలు పట్టీ మీద రుద్దితే సరిపోతుందని మాత్రం చెప్పకండి, అది ఉన్న అంచుని సవరిస్తుందే తప్ప లేని పదును తేలేదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, కావాలంటే ఫొటోలు పెడతా.