రాగికి పట్టేది తుప్పా, చిలుమా?

రాగి చెంబు ‘తుప్పు పట్టింది’ అని రాయొచ్చా అని నిన్న ఒకరు అడిగారు. రాయకూడదనే నా అభిప్రాయం. తుప్పు ఇనుముది. రాగికీ ఇత్తడికీ పట్టేది చిలుము. మా చిత్తూరు వైపు కిలుము అని కూడా అంటాం. ఇత్తడి గిన్నెలో పెరుగు ఉంచితే ‘కిలుమెక్కిపోతుంది, తీసెయ్’ అని పెద్దవాళ్ళు కేకలేసేది ఆ మాటతోనే. పక్కనున్న తమిళంలో కళింబు.

పాఠ్యపుస్తకాలు రెంటినీ కలిపి ‘లోహక్షయం’ అంటాయి. తిరుపతిలో కెమిస్ట్రీ చెప్పేవాడిగా ఆ మాట నేనూ వాడతాను, కానీ ఏ లోహానికి ఏమైందో అది చెప్పదు. తుప్పు ఇనుము ఆక్సైడు, పొరలు పొరలుగా రాలిపోతుంది. పచ్చటి చిలుము రాగి లవణం. వెనిగర్ తగిలితే అసిటేట్, పుల్లటి పెరుగు తగిలితే లాక్టేట్.

కింద కామెంట్లలో ఒక అక్క అడిగిన ప్రశ్న చాలా మంచిది: ‘చింతపండుతోనే కదా చిలుము వదిలిస్తాం, మరి పులుపు వల్లే వస్తుందంటే ఎలా?’

రెండూ నిజమే అక్కా. రాగి ఈ పులుపులతో నేరుగా కలవదు, ముందు గాలిలోని ఆక్సిజన్ దాన్ని పట్టాలి. అలా ఏర్పడిన ఆక్సైడును ఆమ్లం కరిగిస్తుంది, అందుకే చింతపండు రుద్దగానే చెంబు మెరుస్తుంది. సరిగ్గా కడగకుండా వదిలేస్తే మాత్రం పల్చటి పుల్లటి తడి మిగులుతుంది. అంత పల్చటి పొరలోంచి ఆక్సిజన్ లోహాన్ని ఇట్టే చేరుతుంది, మళ్ళీ ఆక్సైడు, మళ్ళీ లవణం. చింతపండు నీళ్ళు నిండుగా పోసి ఉంచిన గిన్నెలోనూ అడుగున కంటే నీటి అంచు దగ్గరే ఎక్కువ తింటుంది. పరిశోధకులు ఈ పల్చటి పొరలను చూడటానికి పరారుణ కాంతిని లోహం మీద బాగా ఏటవాలుగా పడేసి, తిరిగొచ్చిన కాంతిలో ఏది తగ్గిందో చూస్తారు. లవణం ఏర్పడుతున్నప్పుడే దాని జాడ దొరుకుతుంది.

ఇక్కడ ఏ క్రియాపదం వాడతామన్నదీ ముఖ్యం. పైన కనిపించేదానికి ‘పట్టింది’, లోపల పోయినదానికి ‘తినేసింది’. ఏసీల రాగి గొట్టాల్లో ఫార్మిక్, అసిటిక్ ఆమ్లాల తడి చేరితే వెంట్రుకంత సన్నటి సొరంగాలు పడి గ్యాస్ లీకవుతుంది. ఇంగ్లీషులో దానికి చీమలపుట్ట పేరే పెట్టారు. ‘పుట్ట చిలుము’ అందామా? మీ వైపు మెకానిక్కులకు వేరే మాట ఉంటే రాయండి, అదే వాడదాం.