కార్తీక వనభోజనానికి ఏ కోట? కొండపల్లా, కొండవీడా?

బెజవాడ ఇల్లాలు:

అందరికీ నమస్కారం. మేము విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాం. ఏటా కార్తీకంలో ఏదో ఒక మామిడితోటకు వెళ్లడం, కడుపు నిండా తినడం, చాపల మీద ఒక కునుకు తీసి తిరిగి రావడం మా ఇంటి ఆనవాయితీ. ఈసారి మా మామగారు తోట వద్దు, కోట చూద్దాం అన్నారు. అక్కడితో ఇల్లు రెండు పక్షాలైంది. మావారు, మా మరిది కొండవీడు అంటున్నారు. నేను, మా తోడికోడలు ఊరి పక్కనే కొండపల్లి ఉండగా గుంటూరు దాటి పోవడం దేనికి అంటున్నాం.

మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. పది మెట్లు ఎక్కితే పదకొండో మెట్టు మీద కూర్చుంటారు. పెద్దమ్మాయి ఆరో తరగతి, ఏది చూసినా రాసుకుంటుంది. చిన్నవాడికి ఏడేళ్లు. కోటంటే ఫిరంగి ఉండాలి, లేకపోతే అది కోటే కాదని వాడి పట్టు.

అత్తయ్యగారు కష్టపడకుండా పైదాకా రాగలిగేది ఏ కోటకు? వంట అక్కడే చేసుకోవచ్చా? పిల్లవాడు గంటలో "ఇంటికి పోదాం" అనకుండా ఏమి చూపించాలి? తెలిసినవారు చెప్పగలరు.

ఇబ్రహీంపట్నం వాసి:

అక్కా, ఇందులో ఆలోచించేదేముంది? కొండపల్లే. విజయవాడ నుంచి ఇరవై కిలోమీటర్లు. అడవిలోంచి ఘాట్ రోడ్డు ఉంది, బండి కోట వాకిలి దగ్గరి దాకా వెళ్తుంది. లోపల మాత్రం మెట్లున్నాయి. మూడంతస్తుల బురుజు, తానీషా మహలు, గజశాల, నాట్యశాల, ఖైదుఖానా, కోనేరు అన్నీ ఒకే చోట. కొంత బాగుచేశారు కాబట్టి ఏది ఏమిటో పిల్లలకు తెలుస్తుంది. దిగి వస్తూ బొమ్మలు కొనుక్కోవచ్చు. మధ్యాహ్నం మూడింటికల్లా ఇంట్లో ఉంటారు.

గుంటూరు పాత మేష్టారు:

అమ్మా, పై తమ్ముడు చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. మూడింటికల్లా ఇంటికి చేరడమే లెక్కయితే కొండపల్లే వెళ్లండి. మీ మామగారు తోట వద్దన్నారంటే ఆయన మనసులో ఉన్నది అది కాదనుకుంటాను. నేను ముప్పై ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పినవాణ్ణి, కొండవీడు పక్షపాతిని. ఆ సంగతి ముందే చెప్పేస్తే తరవాత పేచీ ఉండదు.

ముందు మీ అత్తయ్యగారి సంగతి. కొండవీడుకు ఒకప్పుడు కాలినడకే గతి. ఇప్పుడు ఘాట్ రోడ్డు వేశారు, కారు కొండమీదికి పోతుంది. ఆవిడ కారు దిగి చెరువు ఒడ్డున నీడ చూసుకుని కూర్చోవచ్చు. మిగతా జనం తిరిగి వచ్చేదాకా ఆవిడ దగ్గర ఒకరిని ఉంచండి. తోడు కోసం కాదు, కోతుల కోసం. పులిహోర గిన్నె మూత తీసిన చప్పుడు వాటికి ఎంత దూరంలో ఉన్నా వినిపిస్తుంది.

రెండోది వంట. వద్దు. చుట్టూ అడవి, కార్తీకానికి గడ్డి ఎండడం మొదలవుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. పులిహోర, దద్దోజనం, గారెలు ఇంట్లోనే చేసుకుని పట్టుకెళ్లండి. ఉసిరి చెట్టు కిందే తినాలని పెద్దావిడకు పట్టింపు ఉంటే ఇంటినుంచి ఒక ఉసిరి కొమ్మ తీసుకెళ్లి పక్కన పెట్టుకోండి. చెట్టు దొరకనప్పుడు అలా చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. విస్తళ్లు మాత్రం తిరిగి కారులో వేసుకురండి. పోయినవాళ్లు వదిలిన ప్లాస్టిక్ పళ్లేలు చూసి నాకు రక్తపోటు పెరుగుతోంది.

ఇక పిల్లలు. చాలామంది కోటకు వెళ్లి బురుజు దగ్గర ఒక ఫొటో, గోడ దగ్గర ఒక ఫొటో దిగి, "ఏమీ లేదండీ, అన్నీ రాళ్లే" అంటూ దిగివస్తారు. రాళ్లు కాక కోటలో ఇంకేముంటుంది? చూసే వరస మార్చాలి. మీవాడిని ఫిరంగి వెతకనివ్వకండి, నీళ్లు వెతకమనండి.

ఎందుకో చెబుతాను. శత్రువు కొండ చుట్టూ దిగి కూర్చున్నాక పైనున్నవాళ్లను చంపేది కత్తి కాదు, దాహం. కొండమీద ఏరు పుట్టదు. బావి తవ్వితే బండ తగులుతుంది. కురిసిన వాన కిందికి జారిపోయేలోగా పట్టుకోవాలి. అందుకని రెండు గుట్టల మధ్య పల్లం చూసి అడ్డంగా కట్ట పోస్తారు. కొండవీడు మీద ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అని మూడున్నాయి. మీవాడికి ఒకటే పని అప్పగించండి: ఈ చెరువులోకి నీరు ఎటునుంచి వస్తుంది, నిండాక ఎటు పోతుంది? మీ అమ్మాయిని దాన్ని బొమ్మ గీయమనండి. రెండు గంటలు ఎలా గడిచాయో మీకే తెలియదు. ఒక్క జాగ్రత్త: కట్ట మీద పిల్లవాడి చెయ్యి వదలకండి, నీటి అంచున పాచి ఉంటుంది.

ఆ తరవాత గోడ దగ్గరికి తీసుకెళ్లండి. దూరం నుంచి కాదు, అరచెయ్యి ఆనించి చూడమనండి. పెద్ద బండల మధ్య సందుల్లో చిన్న రాళ్లు కుక్కి బిగించారు. కొండబండ ఎదురైన చోట దాన్ని పగలగొట్టే శ్రమ పడకుండా దాన్నే గోడలో కలుపుకున్నారు. ఎక్కడ కొండ ఆగింది, ఎక్కడ మనిషి మొదలుపెట్టాడు అని వేలు పెట్టి చూపించమంటే పిల్లలు పందేలు వేసుకుంటారు.

కథలు కావాలా? రెడ్డిరాజుల్లో మొదటివాడు ప్రోలయ వేమారెడ్డి అద్దంకి నుంచి ఏలాడు. రాజధానిని కొండవీడుకు మార్చింది ఆయన కొడుకు అనపోతారెడ్డి. ఈ అనపోతుడే 1358లో మోటుపల్లి రేవులో శాసనం వేయించి, సముద్రం మీద వచ్చే వర్తకులకు అభయమిచ్చాడు. కొండమీద కూర్చున్న రాజుకు ఓడలతో ఏమి పని అని మీ అమ్మాయి అడుగుతుంది, అడగాలి కూడా. తరవాతి కాలంలో కుమారగిరిరెడ్డి ఏటా వసంతోత్సవాలు చేసి కర్పూరం వెదజల్లించేవాడు, కర్పూర వసంతరాయలని పేరే వచ్చింది. ఆ కర్పూరం ఇక్కడ పండదు కదా. అవచి తిప్పయ్యసెట్టి అనే వర్తకుడు ఓడల మీద తెప్పించేవాడు. ఆయన సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు తెప్పించాడని శ్రీనాథుడు పద్యం చెప్పాడు. హురుమంజి అంటే పర్షియా తీరంలోని హోర్ముజ్. ఇప్పుడు చమురు ఓడల వార్తల్లో వినిపించే పేరే అది. ఆ శ్రీనాథుడే తరవాత పెదకోమటి వేమారెడ్డి దగ్గర విద్యాధికారిగా ఈ కొండవీట్లోనే ఉన్నాడు.

చివరికి 1515లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించాడు. అప్పటికి కోట ఒరిస్సా గజపతుల చేతిలో ఉంది. నెలల తరబడి ముట్టడి సాగాక కోట పడిపోయింది, గజపతి కొడుకు వీరభద్రుడు పట్టుబడ్డాడు. ఆ తరవాత రాయలు వెళ్లింది ఎక్కడికనుకున్నారు? మీ కొండపల్లికే. అందుకని రెండు కోటల్లో ఏదన్న తగువు మీ ఇంట్లో కొత్తగా పుట్టింది గానీ, రాయలకు రెండూ కావలసి వచ్చాయి.

దారి: గుంటూరు నుంచి చిలకలూరిపేట వైపు జాతీయ రహదారి మీద పోతూ కుడివైపు మళ్లాలి. గుంటూరు నుంచి పాతిక కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. విజయవాడలో ఆరింటికే బయలుదేరండి. తొమ్మిది దాటితే ఎండ, పదకొండు దాటితే జనం.

బెజవాడ ఇల్లాలు:

మాస్టారూ, మీ జవాబు రాత్రి భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపించాను. మా మామగారు మధ్యలో రెండుసార్లు ఆపించి మళ్లీ చదివించారు. మావారు గెలిచినట్టు మొహం పెట్టారు, అది వేరే సంగతి. చిన్నవాడు మాత్రం "ఫిరంగి లేదు సరే, కత్తయినా ఉందా?" అంటున్నాడు. వాడికేమి చెప్పమంటారు?

గుంటూరు పాత మేష్టారు:

ఉందని చెప్పండి! దిగాక కొండ కింద ఊళ్లో గోపీనాథస్వామి ఆలయం ఉంది, దాన్ని కత్తుల బావి అంటారు. ఎదురు తిరిగిన నాయకులను పండుగకని పిలిచి, ఒక్కొక్కరినే లోపలికి పంపి, కింద నిలబెట్టిన కత్తుల మీద పడేలా చేశారని జనం చెప్పుకొనే కథ. ఇది నోటిమాట, శాసనం కాదు. మీ అమ్మాయి నోటు పుస్తకంలో ఈ రెండూ వేరువేరు పేజీల్లో రాసుకోమనండి. కథ వినిపించేది మాత్రం తిరుగు ప్రయాణంలోనే. ముందే చెబితే వాడు చెరువు వైపు చూడనైనా చూడడు.

అన్నట్టు, కార్తీకం మొదటి వారాల్లో వెళ్తే కొండవీడు సీతాఫలాలు దొరకవచ్చు. కొండమీద వాటంతటవే పెరిగిన చెట్లవి. కాయ చిన్నది, గింజ ఎక్కువ, తీపి మాత్రం సంతలో కాయకు రాదు. కళ్లు విచ్చినవి చూసి తీసుకోండి, పచ్చిగా కోసినవి ఇంటికొచ్చాక నల్లబడతాయి తప్ప పండవు.

ఇబ్రహీంపట్నం వాసి:

మాస్టారూ, ఓడిపోయానని ఒప్పుకోను, వాయిదా వేసుకుంటాను. అక్కా, సంక్రాంతి బొమ్మల కొలువుకు ఎలాగూ బొమ్మలు కావాలిగా, డిసెంబరులో ఒక ఉదయం కొండపల్లి రండి. అప్పుడు కొట్టుకు వెళ్లి కొనుక్కుని వచ్చేయకండి. చేసేవాళ్ల అరుగు మీద పిల్లలను కాసేపు కూర్చోబెట్టండి. తెల్లపొణికి కర్రను చేత్తో పట్టుకుంటే బరువే ఉండదు, పిల్లలు ముందు దానికే ఆశ్చర్యపోతారు. ఏనుగు ఒకే ముక్క అనుకుంటాం. కాదు. ఒళ్లు వేరు, తొండం వేరు, చెవులు వేరు, అంబారీ వేరు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆరాక అరగదీసి, సున్నం పూసి, ఆ తరవాతే రంగు. మక్కు ఆరకముందు తొండాన్ని కాస్త పైకెత్తో, పక్కకు తిప్పో సర్దే క్షణం ఒకటుంది, అది చూపించండి.

మీ పెద్దావిడకు అక్కడ మెట్ల బాధ కూడా లేదు. కోట మనం, పిల్లలు ఎక్కి వద్దాం, ఆవిడ అరుగు మీదే కూర్చుని బేరం ఆడవచ్చు.

బెజవాడ ఇల్లాలు:

మా అత్తయ్యగారు మొత్తం చర్చలో మొదటిసారి నోరు తెరిచారు. బేరం మాట వినగానే "డిసెంబరులో ఏ తేదీ?" అని అడుగుతున్నారు.